మనకో ఆటబల్ల కావాలి

సొంత గది గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. వర్జీనియా వుల్ఫ్ 1929లో రాసిన ఆ వ్యాసాన్ని తరగతి గదుల్లో పాఠంగా చెప్పాం, సభల్లో తలుచుకున్నాం. గది లేనివాళ్లం వంటింటి గట్టు మీద రాసుకున్నామని మన పుస్తకాల ముందుమాటల్లో చెప్పుకున్నాం. ఆ గదిలో రాతబల్ల వేసుకోవడం దాకా మన ఊహ వెళ్లింది. ఆటబల్ల దాకా వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదన్నదే నా ప్రశ్న.

ఇన్ని సమస్యలుండగా ఇదొకటా అనే మిత్రులుంటారని తెలుసు. స్త్రీలు ఏ కోరిక చెప్పినా మొదట ఎదురయ్యేది ఆ మాటే. కథ రాస్తానన్నప్పుడూ ఎదురైంది, ఒంటరిగా ప్రయాణం చేస్తానన్నప్పుడూ ఎదురైంది. మన సభల్లోనూ ఆ మాట విన్నాను కాబట్టి ఈ తగువు బయటివాళ్లతో మాత్రమే కాదు.

బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటలంటే కేరమ్స్, చదరంగం, పేకాట దగ్గర ఆగిపోనక్కర్లేదు. గత ముప్ఫై ఏళ్లలో ఇదొక పెద్ద లోకంగా తయారైంది. 1995లో జర్మనీ నుంచి వచ్చిన కటాన్‌లో గొర్రెలూ ఇటుకలూ ఇచ్చిపుచ్చుకుంటూ ఒక దీవిలో ఊళ్లు కడతారు. 2008 నాటి పాండెమిక్‌లో రోగాలే శత్రువు. ఆడేవాళ్లంతా ఒక పక్షం, గెలిస్తే అందరూ గెలుస్తారు, లేదా అందరూ ఓడిపోతారు. ఎలిజబెత్ హార్‌గ్రేవ్ అనే ఆమె పక్షుల మీద తయారు చేసిన వింగ్‌స్పాన్ 2019లో వచ్చి, ఆ ఏడాదే జర్మనీలో పెద్ద బహుమతి తెచ్చుకుంది. ఒక్కో ఆటకి గంట నుంచి మూడు నాలుగు గంటలు పడుతుంది. వీటికోసం హైదరాబాదులో కూడా కెఫేలు వచ్చాయి. మన జూబ్లీహిల్స్ చుట్టుపక్కల యువకులకి ఇదొక కొత్త సంస్కృతి అన్న ధోరణిలో పత్రికల అనుబంధాలు రాస్తాయి.

కొత్త ఎవరికి? మా అమ్మమ్మ గచ్చు మీద సుద్దముక్కతో ఐదు అడ్డగళ్లు, ఐదు నిలువు గళ్లు గీసి, నాలుగు గవ్వలు విసిరి, నాలుగూ వెల్లకిల పడితే చమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్టా అని అరిచేది. వామనగుంటల పీటలో అటు ఏడు, ఇటు ఏడు గుంటలు. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. ఒక్కొక్క మేకనీ పులి మింగేస్తుంది గానీ, మేకలన్నీ కూడబలుక్కుని కదిలితే పులికి అడుగు తీసి అడుగు వేసే చోటు ఉండదు. (దీని మీద ఎవరూ సిద్ధాంత వ్యాసం రాయకపోవడం నాకు ఆశ్చర్యమే.) దాడి ఆటకి ఒకదానిలో ఒకటి మూడు చతురస్రాలు చాలు. పటం గీసేది ఆమె, గవ్వలు దాచేది ఆమె, చింతగింజలు ఒకవైపు అరగదీసి పాచికలు చేసేది ఆమె, నియమాల మీద తగువు తీర్చేదీ ఆమే. ఆటవస్తువును సొంతంగా తయారు చేసుకోవడం ఇవాళ ఒక గొప్ప హాబీగా చెలామణీ అవుతోంది. అదే పని ఆమె చేస్తే దానికి పేరే లేదు, కాలక్షేపం తప్ప.

అయితే ఆ కాలం మంచిదని నేను అనడం లేదు. ఈ మధ్య చెక్క మీద చెక్కిన పచ్చీసు పటాలనీ, ఇత్తడి గవ్వలనీ 'మన సంప్రదాయం' అని ఖరీదైన దుకాణాల్లో అమ్ముతున్నారు. గోడకి తగిలించుకోవడానికి బాగుంటాయి. ఆ సంప్రదాయంలో స్త్రీకి ఆడుకునే తీరిక ఎప్పుడు దొరికింది? ముట్టయి మూడు రోజులు బయట కూర్చోబెట్టినప్పుడు. సమర్తాడిన పిల్లని చాప మీద నుంచి లేవనివ్వనప్పుడు. శివరాత్రి జాగారం రోజున, నిద్ర ఆపుకోవడానికి. ముక్కోటి ఏకాదశినాడు, అది కూడా వైకుంఠపాళి కాబట్టి, పాములూ నిచ్చెనలూ పాపపుణ్యాల లెక్క చెబుతాయి కాబట్టి. ఇంటిపనికి పనికిరాని రోజున, లేదా దేవుడి పేరు మీద మాత్రమే ఆమె ఆడింది. వెలివేతలోనో వ్రతంలోనో దాక్కున్న తీరికని చూపించి, ఎంత చక్కటి సంస్కృతి అంటే ఎలా ఒప్పుకోవడం?

మగవాళ్ల ఆటకి ఇలాంటి సాకులు అక్కర్లేదు. తిరుమల మీద హాథీరామ్ బావాజీ కథ అందరికీ తెలిసిందే. సాక్షాత్తూ వేంకటేశ్వరస్వామే రాత్రిపూట ఆయన దగ్గరికి వెళ్లి పాచికలాడేవాడంటారు. మంచిదే. అలిమేలుమంగ ఆ రాత్రులు ఎవరితో ఆడుకుందో మాత్రం ఏ స్థలపురాణమూ చెప్పదు. ఎల్లోరా గుహల్లో పార్వతి శివుడితో సరిసమానంగా కూర్చుని పాచికలాడే శిల్పాలున్నాయి. ఆ పార్వతిని మన సినిమా పట్టించుకున్నట్టు లేదు. తెలుగు సినిమాకి పాచికలంటే శకుని. 'మాయాబజార్' (1957)లో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, 'శ్రీకృష్ణ పాండవీయం' (1966)లో ధూళిపాళ. ఆ ఆటలో స్త్రీ పందెం, ఆటగత్తె కాదు. అరుదుగా ఒక స్త్రీ ఆడి గెలిస్తే ఏమవుతుందో పల్నాటి కథ చెబుతుంది. కోడిపోరులో బ్రహ్మనాయుడు ఓడి అడవులపాలైతే ఆయన వీరుడు, మహాపురుషుడు. గెలిచిన నాగమ్మ కుటిల.

పందెం ఇంకా నడుస్తూనే ఉంది. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని మీద పోలీసులు దాడి చేస్తే, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పడిన ముక్కల్ని గుర్తు పెట్టుకోవాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని కోర్టు తేల్చింది. దాన్నే 1968 తీర్పుగా న్యాయవాదులు ఇప్పటికీ చూపిస్తారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ ప్రభుత్వం 2017లో నిషేధించింది. 2025లో కేంద్రం ఆన్‌లైన్ డబ్బాటలన్నిటి మీదా చట్టం చేసింది. ఇన్నేళ్ల చర్చలో స్త్రీ ఎక్కడ కనిపించింది? అప్పులపాలైనవాడి భార్యగా, పుస్తెలు కుదువపెట్టినామెగా. ఆమె కష్టం అబద్ధం కాదు. కానీ మగవాడి పేకాటలో నైపుణ్యం ఉందా లేదా అని దేశపు అత్యున్నత న్యాయస్థానం కూర్చుని ఆలోచించింది. మధ్యాహ్నం పూట తంబోలా ఆడే ఆడవాళ్లని మాత్రం ఆలోచించకుండానే తీసిపారేశాం. జూబ్లీహిల్స్ కిట్టీ పార్టీల మీద మన కథల్లో ఎన్ని వెటకారాలు రాశామో లెక్కపెట్టుకోండి. ఆ చీరలూ ఆ డబ్బూ వెటకారానికి తగినవే కావచ్చు. ఆ మూడు గంటలు ఇల్లు వదిలి, ఎవరికీ ఉపయోగం లేని పని చేస్తూ కూర్చోవడాన్ని కూడా అందులోనే కలిపి కొట్టేశాం.

ఉపయోగం అన్న మాట దగ్గరే నా అసలు తగాదా. స్త్రీలకు హాబీలు లేవని ఎవరూ అనరు. కుట్లు, అల్లికలు, ముగ్గులు, పచ్చళ్లు, మిద్దెతోట. గమనించండి, ప్రతిదాని చివరా ఒక వస్తువు మిగులుతుంది. గలీబు మిగులుతుంది, స్వెట్టరు మిగులుతుంది, జాడీ నిండుతుంది. మన రాతకి కూడా ఇదే షరతు: పుస్తకం రావాలి, సమాజానికి ఏదో చెప్పాలి. ఆట తర్వాత ఏమీ మిగలదు. ముక్కలన్నీ డబ్బాలో పోసి మూతపెడితే అయిపోయింది. స్త్రీ సమయం నుంచి ఏదో ఒకటి పిండుకోవడానికి అలవాటుపడిన ఇంటికి ఇది మింగుడుపడదు. అందుకే ఆడవాళ్ల ఆటని సమర్థించడానికి వెంటనే కారణాలు వెతుకుతారు. పిల్లల మెదడుకి మంచిది, కుటుంబాన్ని కలుపుతుంది, వయసు మీద పడ్డాక మతిమరుపు రాదు. నాకు ఆడుకోవాలని ఉంది అన్న ఒక్క కారణం చాలదు.

చదరంగానికి గౌరవం ఉంది కదా అంటారు. ఉంది, పతకం వస్తుంది కాబట్టి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2017లో కూతురు పుట్టాక విరామం తీసుకుని తిరిగి వచ్చి, 2019లో ప్రపంచ రాపిడ్ ఛాంపియన్‌షిప్ గెలిచింది, 2024లో మళ్లీ గెలిచింది. గర్వపడాల్సిందే, పడ్డాం. కానీ ఆదివారం మధ్యాహ్నం చెత్తగా చదరంగమాడి, పదిసార్లు ఓడిపోయి, అయినా ఇంకో ఆట వేద్దామనే నలభై ఐదేళ్ల ఆడమనిషికి మన ఇళ్లలో చోటు లేదు. మగవాళ్లు కేరమ్స్ ఆడటానికి ఛాంపియన్లు కానక్కర్లేదు కదా.

తీరిక లెక్కలు ప్రభుత్వమే తీసింది. 2019 టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు, పురుషులు 97. ఐదేళ్ల తర్వాత 2024 సర్వేలో స్త్రీలవి 289, పురుషులవి 88. ఇద్దరికీ కొంచెం తగ్గింది, మధ్య ఉన్న అంతరం అలాగే ఉంది. అంకెలు చెప్పనిది ఇంకోటుంది. మిగిలిన సమయం ముక్కలు ముక్కలుగా మిగులుతుంది. కుక్కరు మూడు కూతల మధ్య, ట్యూషన్ ఆటో వచ్చేలోపు. ముక్కల సమయంలో టీవీ చూడొచ్చు, ఫోన్ చూడొచ్చు. మూడు గంటల ఆట కుదరదు.

ఆటలు తయారు చేసిన స్త్రీల సంగతి కూడా ఇంతే. మోనోపలీ అందరికీ తెలుసు, మన దగ్గర 'బిజినెస్' పేరుతో ఆడిన ఆటకి అదే మూలం. దాని అసలు రూపం ఎలిజబెత్ మాగీ అనే అమెరికన్ స్త్రీది. 'భూస్వామి ఆట' అని పేరుపెట్టి 1904లో పేటెంటు తీసుకుంది. భూమి కొద్దిమంది చేతుల్లో పడితే మిగతావాళ్లు అద్దెలు కట్టి ఎలా చితికిపోతారో చూపించడం ఆమె ఉద్దేశం. సంపద అందరికీ అందే నియమాలు ఒకటి, గుత్తాధిపత్యం నియమాలు ఒకటి, రెండు రకాలుగా ఆడించాలనుకుంది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆమె పేటెంటును 500 డాలర్లకు కొనుక్కుని, ఆటను సృష్టించినవాడిగా చార్లెస్ డారో అనే అతన్ని లోకానికి చూపించింది. అసలు సంగతి 1970లలో ఒక కోర్టు తగాదా వల్ల గానీ బయటపడలేదు. ఆమె పేరు పోయింది, ఆమె విమర్శ కూడా పోయింది. స్థలాలు కొని, ఇళ్లు కట్టి, పక్కవాణ్ణి దివాలా తీయించడమే మిగిలింది. షేక్‌పేట నుంచి ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కుతూ ఒక పక్క రేకుల ఇళ్లు, ఒక పక్క ఎత్తైన ప్రహరీలు చూసినప్పుడల్లా, ఆమె మొదటి నియమాలతో ఆ ఆట ఇక్కడ ఆడాలనిపిస్తుంది.

ఫిల్మ్‌నగర్ అన్నాను కాబట్టి ఇక్కడి బల్లల గురించి కూడా చెప్పాలి. తెలుగువాళ్ల కథల్లో చాలా భాగం ఈ నాలుగు వీధుల్లో 'స్టోరీ సిట్టింగ్' అనే చోట తయారవుతాయి. ఒక గది, ఒక బల్ల, చుట్టూ మగవాళ్లు, టీలు, సిగరెట్లు. హీరోయిన్ ఎందుకు ఏడవాలో, ఎప్పుడు నవ్వాలో అక్కడ తేలుతుంది. ఆ బల్ల దగ్గర రచయిత్రి కుర్చీ ఎన్నిసార్లు ఉంది? అవకాశం కోసం ఆ గదుల్లోకి వెళ్లిన అమ్మాయిల అనుభవాలు 2018లో ఫిల్మ్ ఛాంబర్ ముందు రోడ్డు మీదికి వచ్చాయి. లైంగిక వేధింపుల మీద ఉపసంఘం ఇచ్చిన నివేదికను బయటపెట్టమని 2024లో కూడా పరిశ్రమలోని స్త్రీలు ప్రభుత్వాన్ని అడగాల్సి వచ్చింది.

బల్లాటల్లో ఒక తెగ ఉంది, పాత్రాభినయ ఆటలు. 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వీటికి ఆద్యం. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. నువ్వేం చేస్తావు అని అడుగుతారు, చెప్పాలి, పాచిక వేయాలి, ఫలితాన్ని బట్టి కథ మలుపు తిరుగుతుంది. అంటే స్టోరీ సిట్టింగే, నిర్మాత లేని సిట్టింగు. యుద్ధాల ఆటల్లోంచి మగపిల్లల వినోదంగా పుట్టింది నిజమే. వాటికి పూర్వీకుడైన హెచ్.జి. వెల్స్ 1913లో బొమ్మ సైనికుల యుద్ధాల మీద పుస్తకం రాస్తూ, ఇది మగపిల్లల కోసమూ, మగపిల్లల ఆటలు ఇష్టపడే కాస్త తెలివైన ఆడపిల్లల కోసమూ అని పేరులోనే చేర్చాడు. ఆ కాస్త తెలివిని అలా ఉంచి, ఆ పద్ధతిని మనం తీసుకోవచ్చు. మేం ఐదుగురం తీసుకున్నాం. ఒకరు చరిత్ర పాఠాలు చెబుతారు, ఒకరు అనువాదకురాలు, ఒకరు డబ్బింగ్ చెబుతారు, ఒకరు సినిమాల్లో సహాయ దర్శకురాలు, నేను. గోల్కొండకి సరుకు తెచ్చే బిడారులు షేక్‌పేట సరాయిలో దిగిన కాలాన్ని తీసుకుని, ఆ రాత్రి సరాయిలో చిక్కుకున్న స్త్రీలుగా ఆడాం. సినిమా సెట్ల మీద పదేళ్లుగా ఇతరుల కథలకి క్లాప్ కొట్టిన మా సహాయ దర్శకురాలు, ఆ రాత్రి నాలుగు గంటలు ఆపకుండా కథ నడిపింది. అది ఎక్కడా అచ్చు కాదు. ఆమె రాసి పెట్టుకోలేదు, మేమూ అడగలేదు.

ముందు కెఫేలకే వెళ్లాం. గంటకి, మనిషికి ఇంత అని కట్టాలి. చీకటి పడితే తిరుగు ప్రయాణం లెక్కలు మొదలవుతాయి. ఒక చోట మాతో పాటు మా చెల్లెలి కొడుకు వచ్చాడు, పంతొమ్మిదేళ్లవాడు. ఆట నియమాలు చెప్పడానికి వచ్చిన కుర్రాడు మా అయిదుగురినీ వదిలేసి, మొత్తం వాడి మొహం చూసి చెప్పాడు. వాడికి ఆ ఆట రాదు. మాలో ఇద్దరికి వచ్చు. తర్వాత మేం బల్ల చేయించుకోవాలనుకున్నాం.

షేక్‌పేటలో వడ్రంగి దగ్గరికి కొలతలు తీసుకెళ్లాను. "డైనింగ్ టేబులా మేడం?" అన్నాడు. కాదన్నాను. ఆఫీసుకా? కాదు. "పిల్లలకా?" కాదు, ఆడుకోవడానికి, నాకు. కాగితం చూశాడు, నన్ను చూశాడు. "సార్ ఆడ్తడా?" అన్నాడు. దుర్మార్గం లేదు అతని మాటలో. ఆట కోసం బల్ల చేయించుకునే ఆడమనిషి అనే గిరాకీ అతని అనుభవంలో లేదు, అంతే. పని మాత్రం నాణ్యంగా చేశాడు.

ఇలాంటి బల్లలో ముఖ్యమైన సంగతి దాని లోతు. పైభాగం చదునుగా ఉండదు, పళ్లెంలా మూడంగుళాలు కిందికి ఉంటుంది. ఆట ఆ పళ్లెంలో పరుస్తారు. చుట్టూ నాలుగంగుళాల గట్టు, మోచేతులు ఆనించుకోవడానికి, ముక్కలు పెట్టుకోవడానికి. పళ్లెం మీద పలకలు కప్పితే మామూలు బల్ల. పాచికలు దొర్లి కింద పడకుండా ఈ ఏర్పాటు అంటారు గానీ, నాకు దాని ఉపయోగం వేరే కనిపించింది. ఆట మధ్యలో మామగారికి మందు ఇవ్వాల్సి వస్తే, పిల్లలు బడి నుంచి వస్తే, మర్నాడు ఎనిమిదింటికి క్లాసుంటే, ఉన్నది ఉన్నట్టుగా ఉంచి పలకలు కప్పేయొచ్చు. వాటి మీదే అన్నాలు తినొచ్చు. వారం తర్వాత పలకలు తీస్తే ఎవరి వంతు దగ్గర ఆగామో అక్కడే ఉంటుంది. టిల్లీ ఓల్సెన్ 1978లో 'సైలెన్సెస్' పుస్తకంలో, అంతరాయాల వల్ల స్త్రీలు రాయకుండా పోయినవాటి గురించి రాసింది. ఆమె చెప్పిన అంతరాయాన్ని తీసేసే బల్ల కాదిది. అంతరాయం వచ్చినా ఆట చెడిపోకుండా కాపాడే బల్ల.

ఇక్కడ ఒక ప్రశ్న నుంచి తప్పించుకోలేం. మేం ఐదుగురం ఆడుతుంటే టీ గ్లాసులు ఎవరు కడిగారు? ఫిల్మ్‌నగర్ బస్తీ నుంచి వచ్చి మా ఇంట్లో, ఇంకో నాలుగు ఇళ్లలో పనిచేసే ఆమెని నువ్వేం ఆడతావని అడిగాను. "చిన్నప్పుడు అష్టాచెమ్మ మస్తు ఆడిన. ఇప్పుడు టైమేడిది మేడం" అంది. ఆమెని కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టాం అని రాస్తే చదవడానికి బాగుంటుంది. కూర్చోమంటే ఆమె కూర్చోదు, ఎందుకంటే ఆ గంట నాలుగో ఇంటి గంట. ఒక ఆడదాని పని మీద ఇంకో ఆడదాని ఆట నిలబడితే అది కిట్టీ పార్టీకి భిన్నమేమీ కాదు. అందుకని మేం ఆడే రెండో శనివారం ఆమెకి జీతంతో సెలవు, గ్లాసులు మేమే కడుగుతాం. ఆ రోజు ఆమె ఏం చేస్తుందో నేను అడగను. చాలామటుకు సొంత ఇంటి బట్టలు ఉతుక్కుంటుందని నా అనుమానం. ఒక్క సెలవుతో ఇది తీరదు. వారాంతపు సెలవు, కనీస వేతనం ఇళ్లలో పనిచేసేవాళ్లకి హక్కుగా రావాలని అడిగేటప్పుడు, ఆ సెలవు దేనికి అన్న ప్రశ్నకి 'విశ్రాంతికి, ఆరోగ్యానికి' అని మాత్రమే రాస్తుంటాం. ఆడుకోవడానికి అని కూడా రాయాలి.

మన స్త్రీవాద వేదికలకీ ఇదే చెబుతున్నాను. రెండు రోజుల వర్క్‌షాపుల్లో ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా పత్ర సమర్పణలే. సాయంత్రం పూట ఆట ఉంటే అది 'ఐస్ బ్రేకర్', దానికీ ఒక నేర్చుకోవాల్సిన పాఠం. పాఠం లేకుండా ఒక పూట వదిలేయండి. గవ్వలు పెట్టండి, వింగ్‌స్పాన్ పెట్టండి, ఎవరూ నివేదిక రాయకండి.

బల్ల చేయించుకునేవాళ్ల కోసం కొలతలు: మాది ఐదడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు, ముప్ఫై అంగుళాల ఎత్తు. అయిదుగురికి సరిపోతుంది. పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఎనిమిది బై నాలుగు షీట్లు రెండు, గట్టుకీ కాళ్లకీ టేకు. పళ్లెంలో ఉన్ని గుడ్డ అతికించే ముందు అంచులు గరుకు కాయితంతో బాగా రుద్దించండి, లేకపోతే కార్డుల మూలలు చిరుగుతాయి. పైన కప్పే పలకని ఒకటిగా గానీ రెండుగా గానీ చేస్తానంటాడు వడ్రంగి, అతుకులు తక్కువ, చూపుకి బాగుంటుందని. ఒప్పుకోకండి. అడ్డంగా నాలుగు ముక్కలు చేయించండి. ఒక్కోటి ఐదు కిలోల లోపు ఉంటుంది. పలక ఎత్తడానికి ఇంట్లో ఇంకెవరినీ పిలవక్కర్లేదు.